తడ కుక్కపిల్ల విమానం ఎక్కాలంటే

సందేహాలు - సమాధానాలు: పశువైద్యుల సలహాలు

ఈసారి ఉత్తరాలన్నీ తడ చుట్టూనే తిరిగాయి. విదేశాల నుంచి సెలవుకి వచ్చిన తడ వాళ్లు కొందరు, విదేశీయులతో కలిసి శ్రీసిటీ పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్లు కొందరు రాశారు. ఎక్కువమంది అడిగింది ఒకటే: రోడ్డు మీద దొరికిన ఈ పిల్లను పెంచుకోవాలనుంది, దేశం దాటించేదెలా? దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. కానీ చాలా దేశాలకు టీకాలు, పరీక్షలు, గడువులు పూర్తయ్యేసరికి పిల్లకు ఆరు నెలల నుంచి పది నెలల వయసు వస్తుంది. అన్నాళ్లూ దాన్ని రోజూ చూసుకునే మనిషి ఎవరు? ముందు తేల్చుకోవలసింది అదే. ఆ మనిషి మనస్ఫూర్తిగా సరే అన్న రోజే దత్తత మొదలైనట్టు.

ప్రశ్న: మాది తడ. డాలస్‌లో ఉద్యోగం. మూడు వారాల సెలవుకి వచ్చాను. హైవే పక్కన టీకొట్టు బల్ల కింద తల్లి లేని కుక్కపిల్ల కనిపిస్తే ఇంటికి తెచ్చాను. రెండు నెలలుంటాయేమో. నాతోపాటే అమెరికా తీసుకెళ్లాలనుంది. కావాలంటే టికెట్టు వాయిదా వేసుకుంటాను. వీలవుతుందా? - ఒక పాఠకుడు, తడ

ఈ సెలవులో వీలుకాదు. టికెట్టు నెల రోజులు వాయిదా వేసుకున్నా వీలుకాదు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కొత్త నియమాలు అమలు చేస్తోంది. వాటి ప్రకారం ఏ దేశం నుంచి వచ్చే కుక్కకైనా ఆరు నెలలు నిండాలి. పైగా కుక్కల ద్వారా రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. కుక్కల్లో వ్యాపించే రకం రేబిస్ తమ దేశంలో లేకుండా పోయిందని అమెరికా 2007లో ప్రకటించుకుంది. దాన్ని మళ్లీ రానివ్వకూడదని ఇంత గట్టిగా ఉంటున్నారు.

ఇక్కడ వరుస చాలా ముఖ్యం. మొదట మైక్రోచిప్ వేయించండి. బియ్యపుగింజంత ఉండే ఆ చిప్‌ను భుజాల మధ్య చర్మం కింద పెడతారు. అందులోని 15 అంకెల నంబరే ఇకపై ప్రతి కాగితం మీదా మీ కుక్కకు గుర్తింపు. చిప్ కంటే ముందు వేసిన రేబిస్ టీకా లెక్కలోకి రాదు. చాలామంది టీకాలన్నీ వేయించి, ప్రయాణం దగ్గరపడ్డాక చిప్ పెట్టిస్తారు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

పిల్లకు పన్నెండు వారాలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించాలి. టీకా వల్ల ఒంట్లో రక్షణ ఎంత తయారైందో చెప్పే పరీక్ష ఇది. మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు, అంతకంటే ఎక్కువ ఉండాలి. రక్తం నుంచి సీరం వేరుచేసి, సీడీసీ గుర్తించిన ప్రయోగశాలకే పంపాలి. రక్తం తీసిన రోజుకీ అమెరికాలో దిగే రోజుకీ మధ్య కనీసం 28 రోజులుండాలి. లెక్కేసి చూస్తే ఇవన్నీ అయిదు నెలల వయసుకే పూర్తవుతాయి. ఆరో నెల నిండేదాకా ఆగడమే మిగులుతుంది. అంటే ఇప్పటి నుంచి నాలుగు నెలలకు పైగా పిల్ల తడలోనే ఉండాలి.

టీకా, చిప్ వివరాలున్న సీడీసీ పత్రాన్ని ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించాలి. కుక్కను దేశం దాటించేందుకు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం. దాని కేంద్రం చెన్నైలో ఉండటం తడ వాళ్లకు కలిసొచ్చే విషయం. ఇంకో సంగతి. కుక్క నేరుగా డాలస్‌లో దిగడానికి లేదు. సీడీసీ నమోదు చేసిన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. న్యూయార్క్ జేఎఫ్‌కే, అట్లాంటా, లాస్ ఏంజెలిస్, మయామి వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఆ కేంద్రంలో ముందే చోటు ఖాయం చేసుకోవాలి. అక్కడ పరీక్షించి మరోసారి టీకా వేస్తారు. రక్తపరీక్ష ఫలితం లేకుండా వెళ్తే 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు, ఆ ఖర్చు మీదే. చార్జీలు, పెట్టె, పరీక్షలు, ఏజెంటు ఫీజు కలిపితే మొత్తం లక్షల్లోకి వెళ్తుంది.

మీరు బయల్దేరే లోపు చేయగలిగిన పని ఒకటుంది. కుక్క నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత పెట్టె కొని, పెద్దయ్యాక ఎంతుంటుందో అంచనా వేసి మరీ కొని, ఇంట్లో పెట్టండి. రోజూ అన్నం అందులోనే పెట్టించండి. ఆ పెట్టె దానికి సొంత గది అనిపించాలి. ప్రయాణం రోజు మత్తుమందు ఇవ్వకూడదు. గాల్లో ఊపిరికి, రక్తపోటుకు ప్రమాదం.

ప్రశ్న: మా అబ్బాయి రెండు నెలల కుక్కపిల్లను నా దగ్గర వదిలి అమెరికా వెళ్లాడు. నాకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఆవుపాలు పోస్తే పిల్ల పారుకుంటోంది. ఎండుచేపల తలకాయలైతే ఇష్టంగా తింటోంది. ఏం పెట్టాలి, ఎట్లా చూసుకోవాలి? - ఒక తల్లి, తడ మండలం

అమ్మా, ముందుగా పాలు ఆపేయండి. రెండు నెలల పిల్లకు ఆవుపాలు చాలాసార్లు పడవు. రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. మెత్తగా ఉడికిన అన్నంలో ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన కోడిమాంసం గానీ గుడ్డు గానీ కలపండి. వీలైతే అంగట్లో దొరికే కుక్కపిల్లల మేత నానబెట్టి ఒక పూట ఇవ్వండి. ఉత్త పెరుగన్నంతో ఎదిగే పిల్లకు బలం రాదు. ఎండుచేపలకు ఉప్పు బాగా పట్టి ఉంటుంది, తలకాయల్లో ముళ్లు ఉంటాయి. పచ్చిచేప తెచ్చినప్పుడు ముల్లు తీసి ఉడికించి పెట్టండి. ఉల్లిపాయ పడ్డ కూరలు, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ పెట్టొద్దు. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. జ్వరమొచ్చిందని మన పారాసిటమాల్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది.

తరచుగా పారుకోవడానికి నులిపురుగులు కూడా కారణమే. పన్నెండు వారాల వయసు వచ్చేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి మందు తాగించాలి. కుక్కపిల్లలను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది పార్వో. ఉదయం దాకా ఆడిన పిల్ల ఉన్నట్టుండి తిండి మానేసి మూల చేరుతుంది. వాంతులు, ఆ వెనక దుర్వాసనతో రక్తవిరేచనాలు. ఈ లక్షణాలు కనిపిస్తే సాయంత్రం దాకా చూద్దాం అనుకోకండి. వెంటనే సెలైన్ ఎక్కిస్తే బతికే అవకాశం ఉంటుంది. పార్వో, డిస్టెంపర్ వంటివాటికి కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. అప్పటిదాకా పిల్లను వీధిలో దించకండి, పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మన తీరంలో తుఫాను వానలకు నీళ్లు నిలుస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన ఆ నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. దానికీ టీకా ఉంది, అడిగి వేయించండి.

రోజూ ఒకసారి చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద తడిమి చూడండి. పిడుదులు కనిపిస్తే చర్మానికి దగ్గరగా పట్టి లాగెయ్యండి. పొలానికి కొట్టే మందు, గేదెలకు పూసే మందు పిల్లకు రాయొద్దు. వయసుకు తగిన మందు పశువుల డాక్టరు ఇస్తారు. మామూలు వైద్యానికి దగ్గరలోని పశువుల ఆసుపత్రి చాలు. పెద్ద జబ్బయితే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ, చెన్నై వేపేరిలో 1903 నాటి మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ తీసుకెళ్లొచ్చు.

ఇక మీ మోకాళ్ల సంగతి. ఆరు నెలల కుక్క తాడు పట్టి లాగితే మీరు పడిపోయే ప్రమాదముంది. ఈ మాట మీ అబ్బాయికి ఇవాళే చెప్పండి. పొద్దున, సాయంత్రం తిప్పడానికి, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టమనండి. చేతకాదని మీకనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి. రెండు నెలల పిల్లకు మంచి ఇల్లు సులువుగా దొరుకుతుంది. నెలల తరబడి మీకు అలవాటు పడ్డాక వెతకాలంటే అందరికీ కష్టం.

ప్రశ్న: సెలవులకు తెచ్చిన కుక్కపిల్ల ఆడుతూ మా ఏడేళ్ల పాప చెయ్యి కొరికింది. చుక్క రక్తం వచ్చింది. మా అత్తగారు సున్నం, పసుపు పెట్టారు. పాలు తాగే పిల్లకు పిచ్చి ఉండదు, పది రోజులు చూద్దాం అంటున్నారు. నిజమేనా? - ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

నిజం కాదమ్మా. ఇది చదవడం ఆపి పాపను ఆసుపత్రికి తీసుకెళ్లండి. తల్లికుక్క నుంచో మరో కుక్క నుంచో రేబిస్ సోకిన పిల్ల చూడటానికి ముద్దుగానే ఉంటుంది. పుట్టిన చోటు, తల్లి వివరాలు తెలియని పిల్ల కొరికితే అనుమానించి తీరాలి.

పుండు మీద సున్నం, పసుపు, కారం ఏవీ పెట్టకూడదు. పంపు కింద ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఆలస్యమైనా సరే, సున్నం పోయేలా ఇప్పుడు కడగండి. గుడ్డ కట్టొద్దు. రక్తం రాకుండా గీరుకుంటే టీకా సరిపోతుంది. రక్తం వచ్చింది కాబట్టి మీ పాపకు టీకాతో పాటు పుండు చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టేదాకా కాపాడేది అదే. బొడ్డు చుట్టూ వేసే ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చేతికి, చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో ఉచితంగా వేస్తారు.

పది రోజులు కుక్కను గమనించడం మంచిదే. కానీ టీకా మొదలుపెట్టి గమనించాలి. పది రోజులయ్యాక మిగిలిన మోతాదుల గురించి డాక్టరు నిర్ణయిస్తారు. ఈలోగా పిల్ల చనిపోయినా, కనపడకుండా పోయినా వెంటనే చెప్పండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. బయటపడక ముందు టీకాతో దాదాపు పూర్తిగా ఆపగలం. వీధిపిల్లను తెచ్చుకునే కుటుంబాలు, ముఖ్యంగా పిల్లలున్నవాళ్లు, కాటు పడకముందే వేసే రక్షణ టీకా గురించి డాక్టరును అడగండి.

ప్రశ్న: శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా జపాన్ మేనేజరు గారు గేటు దగ్గర దొరికిన పిల్లను క్వార్టర్సులో పెంచుతున్నారు. ఇప్పుడు దానికి మూడు నెలలు దాటాయి. వచ్చే మార్చి ఆఖరుకు ఆయన దేశం వెళ్లిపోతున్నారు. వెంట తీసుకెళ్లగలరా? - ఒక ఉద్యోగిని, వరదయ్యపాళెం

మార్చికి కుదరదు. జూన్‌కు కుదురుతుంది. జపాన్ 1950లోనే రేబిస్ నివారణ చట్టం తెచ్చింది. 1957 తర్వాత ఆ దేశంలో పుట్టిన రేబిస్ కేసు ఒక్కటీ లేదు. అందుకే అక్కడి గడువు అమెరికా కంటే చాలా పెద్దది.

మొదట మైక్రోచిప్. 91 రోజుల వయసు దాటాక తొలి రేబిస్ టీకా. కనీసం 30 రోజుల ఎడంతో రెండోది. రెండో టీకా వేసిన రోజే రక్తం తీయొచ్చు. దాన్ని జపాన్ గుర్తించిన ప్రయోగశాలకు పంపాలి. రక్తం తీసిన రోజు నుంచి 180 రోజులు ఆగాలి. ఉదాహరణకు నవంబరు 5న చిప్, తొలి టీకా వేయిస్తే డిసెంబరు 5న రెండో టీకా, రక్తపరీక్ష చేయించొచ్చు. అక్కడి నుంచి 180 రోజులంటే జూన్ 3. చేరే తేదీకి కనీసం 40 రోజుల ముందు అక్కడి జంతు క్వారంటైన్ విభాగానికి తెలియజేయాలి. అన్నీ సరిగ్గా ఉంటే విమానాశ్రయంలో 12 గంటల్లోపే పని పూర్తవుతుంది. తొందరపడి ముందే పంపితే మిగిలిన రోజులన్నీ అక్కడి క్వారంటైన్ గదిలో గడపాలి, గరిష్ఠంగా 180 రోజులు.

మేనేజరు గారు వెళ్లాక ఏప్రిల్, మే నెలలు పిల్లను ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. మీరే చూస్తానంటే డిసెంబరు నుంచే వారానికోసారి మీ ఇంట్లో ఉంచుకుని అలవాటు చేయండి. ఖర్చులకు డబ్బు, చిప్ నంబరు, టీకా పుస్తకం మీ చేతికి రావాలి. జూన్ ఎండలో మన దగ్గర రన్‌వే మీద వేడికి జంతువులను ఎక్కించుకోవడానికి కొన్ని విమాన సంస్థలు ఒప్పుకోవు. రాత్రిపూట బయల్దేరే విమానం చూసుకోండి.

ప్రశ్న: కువైట్‌లో డ్రైవరుగా ఉన్నాను. ఎడారి రోడ్డు పక్కన దొరికిన పిల్లను ఏడాదిగా గదిలో పెంచుతున్నాను. ఈ ఏడు శాశ్వతంగా ఊరికి వచ్చేస్తున్నాను. దాన్ని తడ తెచ్చుకోవచ్చా? - ఒక పాఠకుడు, కువైట్

తెచ్చుకోవచ్చు. మీ పరిస్థితికి నియమాలు అనుకూలంగానే ఉన్నాయి. విదేశంలో ఉండి నివాసం మార్చుకుని వచ్చేసే మనిషి తనతో రెండు పెంపుడు జంతువుల దాకా తెచ్చుకోవచ్చు. సెలవుకి వచ్చి వెళ్లేవారికి ఈ వెసులుబాటు లేదు. అందుకని పని మానుకుని వస్తున్నట్టు చూపే వీసా రద్దు కాగితాలు, పాస్‌పోర్టు నకళ్లు జాగ్రత్త చేసుకోండి. చిప్ వేయించండి. రేబిస్ టీకా ప్రయాణానికి నెల రోజులకు పైగా ముందు, ఏడాదికి మించకుండా వేయించి ఉండాలి. కువైట్ ప్రభుత్వ పశువైద్యుల ఆరోగ్య పత్రం తీసుకోండి. చెన్నై జంతు క్వారంటైన్ కేంద్రం నుంచి ముందే నిరభ్యంతర పత్రం తెప్పించుకోండి. ఆ పత్రం లేకుండా వస్తే విమానాశ్రయంలో ఆపేస్తారు. ఏసీ గదిలో పెరిగిన కుక్క కాబట్టి వేసవి తప్పించి రావడం మేలు. ఊరికి రాగానే పిడుదుల మందు మొదలుపెట్టండి. అక్కడి పొడి నేలకు అలవాటుపడ్డ దానికి మన తేమనేల, ఇక్కడి పిడుదులు కొత్త.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నాను. తడ రైల్వే స్టేషన్ దగ్గర ఒక కుక్క నాలుగు పిల్లలను పెట్టింది. ఒకదాన్ని తీసుకెళ్లాలనుకున్నాను, ఏజెంటు కుదరదన్నాడు. వీటిని పులికాట్ సరస్సు ఒడ్డున వదిలేస్తే చేపలు తిని బతుకుతాయని ఇంట్లో అంటున్నారు. జర్మనీలో ఉన్న మా అక్కకు ఇవ్వొచ్చా? - ఒక పాఠకురాలు, తడ

ఏజెంటు చెప్పింది సరైనదే. ఆస్ట్రేలియా మన దేశం నుంచి కుక్కలను నేరుగా రానివ్వదు. ఆమోదం ఉన్న మరో దేశంలో నెలల తరబడి ఉంచి, అక్కడి నుంచి తీసుకెళ్లి, మెల్‌బోర్న్ దగ్గరి మికిలెంలో క్వారంటైన్‌లో పెట్టాలి. చదువుకుంటున్న మీకు ఆ భారం వద్దు.

జర్మనీకి పంపొచ్చు. చిప్, పన్నెండు వారాలకు రేబిస్ టీకా, 30 రోజులకు రక్తపరీక్ష, ఆ రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలల నిరీక్షణ. అంటే ఏడు నెలల వయసు. మీ అక్కగారు కుక్క వెళ్లే రోజుకు అయిదు రోజులు అటూ ఇటుగా తానూ ప్రయాణించాలి. బ్రిటన్‌కైనా ఇదే లెక్క, కాకపోతే దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగు మందు వేయించాలి.

పులికాట్ ఒడ్డున వదలడం మాత్రం వద్దు. తల్లికి దూరమైన పిల్లలు అక్కడ ఆకలితోనే చచ్చిపోతాయి. బతికి బట్టకట్టినవి శీతకాలంలో దిగే రాజహంసలను, కొంగలను తరుముతాయి. వలస వచ్చిన పక్షి తీరిగ్గా మేయకపోతే తిరుగు ప్రయాణానికి దానికి బలం చాలదు. పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

స్టేషన్ దగ్గరే ఉంచడమూ ఇప్పుడు సురక్షితం కాదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కలను పట్టుకున్న చోటే వదలాలని, దత్తత తీసుకునేవారికి అవకాశమివ్వాలని చెప్పింది. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిపాలు కాకూడదనీ అంది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తరలించాలని, మళ్లీ అక్కడ వదలొద్దని ఆదేశించింది. కాబట్టి ఈ నాలుగు పిల్లలకూ తడలోనో శ్రీసిటీ చుట్టుపక్కలో ఇళ్లు వెతకడమే మీరు చేయగలిగిన పెద్ద సాయం. మన నాటుకుక్క ఈ వేడికి, ఈ ఉప్పుగాలికి తట్టుకుంటుంది, కాపలాకు పనికొస్తుంది, తక్కువ జబ్బు పడుతుంది. ఇంటివాళ్లను చూసి, ఎవరు పెడతారో, ఎక్కడ పడుకోబెడతారో అడిగి, తొలి టీకా వేయించి ఇవ్వండి. ఆడపిల్ల అని వదిలేయకండి. ఆపరేషన్ ఖర్చు మీరే భరిస్తానంటే చాలా ఇళ్లు ఒప్పుకుంటాయి. తల్లికుక్కకూ ఆపరేషన్ చేయించమని పంచాయతీని రాతపూర్వకంగా అడగండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం అది స్థానిక సంస్థ బాధ్యత. మన పక్కనే చెన్నైలో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా 1964లోనే ఈ పని మొదలుపెట్టింది. తల్లికి ఆపరేషన్ కాకపోతే ఆరు నెలలకు మళ్లీ అదే స్టేషన్ దగ్గర మరికొన్ని పిల్లలు ఉంటాయి.

మెల్‌బోర్న్ నుంచి నెలనెలా టీకా డబ్బులు పంపి, ఫోను చేసి ఎలా ఉందో కనుక్కునే మనిషి కూడా ఆ పిల్లను పెంచినట్టే. విమానం ఎక్కని కుక్కకు మీరు ఏమీ చేయలేదని బాధపడకండి. తడలో దానికి రోజూ రెండు పూటలా తిండి, వేళకు టీకా, పిలిస్తే పలికే ఇల్లు దొరికితే దత్తత పూర్తయినట్టే.

(ఏ దేశమైనా నియమాలను ఎప్పుడైనా మార్చవచ్చు. టికెట్టు కొనే ముందు ఆ దేశపు ప్రభుత్వ సమాచారాన్ని, చెన్నై జంతు క్వారంటైన్ కేంద్రాన్ని మరోసారి సంప్రదించండి.)